కాలనీకి సీతాకోకచిలుకలు రావాలంటే ముందు ఆకులు తిననివ్వాలి

మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి ఉపయోగపడుతుంది. గుంటూరు శివార్లలో 130 ఇళ్ల కాలనీ, వెనకంతా మిర్చి చేలు. పదేళ్ల కిందట ఇళ్లు కట్టుకున్న కొత్తలో కనిపించిన సీతాకోకచిలుకలూ తూనీగలూ ఇప్పుడు లేవు. తొలకరి పడ్డ రాత్రి వీధిదీపాల కింద చాటలకొద్దీ రాలే ఉసిళ్లు కూడా రావడం మానేశాయి. మిణుగురు పురుగంటే మీ పాపకి బొమ్మల్లో చూడటమే. మీరు కాలనీ సంఘం కార్యదర్శి. పార్కులో పూలమొక్కలు నాటించి, రెండు తేనెపెట్టెలు, ఆన్‌లైన్‌లో దొరికే ‘బీ హోటల్’, అంటే తేనెటీగలు గూడు పెట్టుకోవడానికి గొట్టాలు అమర్చిన పెట్టె, ఒకటి పెట్టిద్దామనుకున్నారు. ‘దోమలొస్తాయి, పాములొస్తాయి’ అని మీటింగులో సగం మంది గొడవ. ఏ మొక్కలు కొనాలి, ఎంతవుతుంది అని అడిగారు.

కొనాల్సింది దాదాపు ఏమీ లేదండి. మానాల్సినవి మాత్రం నాలుగైదు ఉన్నాయి.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. 1985లో పల్లెల్లో రైతులకి సలహాలిచ్చే ఉద్యోగంలో చేరి 33 ఏళ్లు చేశాను. ఏ పురుగుకి ఏ మందు, లీటరు నీళ్లకి ఎన్ని మిల్లీలీటర్లు, ఇదే నాకు నోటికొచ్చిన పాఠం. రిటైరయ్యాక పురుగుల్ని బతికించమని చెబుతుంటే మా ఆవిడ ‘ఇన్నాళ్లూ చంపించి ఇప్పుడు సంతాప సభా?’ అని నవ్వుతుంది. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం పశ్చాత్తాపం అనుకోండి.

మీ పెరట్లో కరివేపాకు చెట్టు ఉండే ఉంటుంది. వానాకాలంలో లేత కొమ్మ ఒకటి వంచి చూడండి. ఆకు మీద పిట్ట రెట్ట వేసినట్టు నల్లగా, మధ్యలో తెల్లమచ్చతో, తడితడిగా మెరుస్తూ ఒకటి అంటుకుని ఉంటుంది. పుల్లతో మెల్లగా తాకండి. తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికొస్తాయి, వాటితోపాటు ఒక ఘాటు వాసన. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. నిమ్మ, కరివేపాకు, మారేడు, వీటి ఆకు తప్ప ఇంకోటి పెద్దగా ముట్టదు. కొన్నాళ్లకి రెట్ట వేషం వదిలేసి ఆకుపచ్చగా మారి రెమ్మలకి రెమ్మలు తినేస్తుంది. ఒకరోజు పొద్దున చూస్తే కనబడదు. ఎక్కడికీ పోదు, అక్కడే ఏదో పుల్లకి నడుముకి దారం కట్టుకుని వెనక్కి వాలినట్టు ఉండిపోతుంది. మొత్తం మీద నెల తిరిగేసరికి నలుపు మీద లేత పసుపు మచ్చల రెక్కలతో గోడ దాటి వెళ్లిపోతుంది.

మనం ఏం చేస్తాం? పురుగు పట్టిందని ఆ కొమ్మ తుంచి కాలవలో పడేస్తాం. లేదంటే డబ్బా తెచ్చి పిచికారీ కొడతాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. చేసి, సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుని ‘ఈమధ్య సీతాకోకచిలుకలే కనబడట్లేదండీ’ అని పక్కాయనతో అన్నాను కూడా.

పూలమొక్కలు నాటితే సీతాకోకచిలుకలు వస్తాయని అందరూ చెప్తారు. వస్తాయి, తేనె తాగి పోతాయి. గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచడానికి వాటికి కావలసింది ఆకు, అదీ తమ జాతికి సరిపడే ఆకు. ఆ ఆకు మనం తిననివ్వాలి. పార్కులో ఆకులకి చిల్లులు పడితే కమిటీలో ఎవరో ఒకరు మాలిని కేకలేస్తారు చూడండి, అక్కడ ఆగిపోతోంది మీ సీతాకోకచిలుకల కథ. మా ఇంట్లో ఒక ఒప్పందం పెట్టుకున్నాం. కరివేపాకు చెట్టుకి చెయ్యందే కొమ్మలు మావి, అందనివి వాటివి. సాంబారుకి ఇప్పటిదాకా లోటు రాలేదు.

ఇక ఏ మొక్కలు అన్నారు. దీనికి నర్సరీ కేటలాగ్ అక్కర్లేదు, వినాయక చవితి పుస్తకం తీయండి. 21 పత్రులుంటాయి కదా. బిల్వం అంటే మారేడు, నిమ్మ సీతాకోకచిలుక దాని మీదా గుడ్లు పెడుతుంది. అర్కం అంటే జిల్లేడు. నారింజ రంగు రెక్కల అంచుకి నల్ల పట్టీ ఉండే సీతాకోకచిలుక ఒకటి మన ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ కనబడుతుందే, దాని పిల్లలు పెరిగేది జిల్లేడు మీదే. నలుపు, తెలుపు, పసుపు చారలతో లాగుడు రబ్బరు ముక్కలా ఉంటాయి. జిల్లేడు పాలల్లో ఉన్న విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి పిట్టలు వాటి జోలికి పోవు. కరవీరం అంటే గన్నేరు. ఆ ఆకు కింద అప్పుడప్పుడు వెండి లోలాకు వేలాడుతూ కనిపిస్తుంది, అద్దంలా మన మొహం కూడా అందులో కనబడేంత మెరుపు. అది ముదురు గోధుమరంగు సీతాకోకచిలుక ప్యూపా, అంటే రెక్కలొచ్చేదాకా పురుగు ఉండే గూడు. బదరి అంటే రేగు, దాని మీద గోరంత తెల్ల సీతాకోకచిలుక, నల్ల చుక్కలతో. చూతం అంటే మామిడి. మామిడాకు మీద పెరిగే పురుగైతే ఆకు నడి ఈనె మీద ఈనెలాగే పడుకుంటుంది, వీపు మీద గీత ఈనెతో కలిసిపోతుంది. నేను చూపించాక కూడా మా మనవడికి దాన్ని పట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది.

దూర్వ అంటే గరిక, దాని మీద బతికేవీ ఉన్నాయి. వావిలి, తులసి పూలకి తేనెటీగలు విరగబడతాయి. అంటే పండక్కి ఒక్కరోజు ఎక్కడెక్కడి నుంచో తుంచుకొచ్చి బజార్లో అమ్మే ఆకుల్నే మీ పార్కులో ఒక మూల నాటితే అదే సీతాకోకచిలుకల తోట. ‘పత్రివనం’ అని పేరు పెట్టి మీటింగులో చెప్పి చూడండి, పురుగుల తోట అంటే చెయ్యెత్తనివాళ్లు కూడా దీనికి ఎత్తుతారు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు, ఉమ్మెత్త విషం. ఆ మూడూ పిల్లల ఉయ్యాలలకి దూరంగా వెనక గోడ వెంబడి ఉండాలి.

పత్రిలో లేనివి రెండు మూడు చేర్చుకోండి: తంగేడు, రేల, నందివర్ధనం. తంగేడు, రేల మీద పసుప్పచ్చ సీతాకోకచిలుకలు పెరుగుతాయి. తంగేడు గింజలు ఊరి బయట గట్ల మీద ఎండాకాలంలో ఏరుకోవచ్చు. మృగశిర కార్తెలో విత్తితే వానలకి లేచి నిలబడుతుంది. గింజ నుంచి పెంచమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అమ్మకానికి పెంచిన మొక్కకి ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు పట్టించి ఉండొచ్చు. అది మొక్క ఒంట్లోకంతా పాకుతుంది, పూలల్లో తేనెకి, పుప్పొడికి కూడా. యూరప్ దేశాలు 2018లో ఈ మందుతో సహా అదే కోవలోని మూడింటిని ఆరుబయట వాడకూడదని ఆపేశాయి. సీతాకోకచిలుకల కోసమని అలాంటి మొక్క కొనితెస్తే విస్తరేసి విషం వడ్డించినట్టే.

పూల విషయంలో ఒకే సూత్రం: ముద్ద పువ్వు వద్దు, రెక్క పువ్వు కావాలి. ముద్ద మందారం, ముద్ద నందివర్ధనం చూడ్డానికి నిండుగా ఉంటాయి, కానీ పుప్పొడి ఇవ్వాల్సిన కేసరాలే రెక్కలుగా మారిపోయి ఉంటాయి. పురుక్కి లోపలికి దారీ ఉండదు, ఉన్నా దొరికేది తక్కువ. రెక్క మందారం, నూరు వరహాలు, రెక్క బంతి నాటండి. అన్నిటికంటే మంచిది మాత్రం ఉచితంగా వస్తుంది: గడ్డిచామంతి. చిన్నప్పుడు పలక తుడవడానికి, దెబ్బ తగిలితే పసరు పిండడానికి వాడుకున్నదే. దాని బెత్తెడు కాడ చివర చిన్న పువ్వు మీద పొద్దున తొమ్మిదింటికి ఎన్ని వాలతాయో చూడండి. తుమ్మి పూలూ అంతే. పార్కులో నాలుగో వంతు లాన్ కోయకుండా వదిలేయండి, ఈ రెండూ వాటంతటవే వస్తాయి. వయ్యారిభామ మొలిస్తే మాత్రం పూత రాకముందే పీకేయాలి, దాని మీద జాలి వద్దు.

ఇప్పుడు మీటింగులో గొడవ సంగతి, దోమలు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పురుగుల మీద మన కాలనీల్లో జరిగే అతిపెద్ద దాడి ఇదే, అదీ దోమల మీద పెద్దగా పనిచేయకుండా.

మీ కాలనీలో మిద్దెతోటలు పెంచేవాళ్లు ఉంటారు. వాళ్లనడగండి, సొరపాదు పిందెలు ఎందుకు మాడి రాలిపోతున్నాయని. ఎరువు తక్కువైందంటారు, ఎండ ఎక్కువైందంటారు. సొరపువ్వు తెల్లగా ఉంటుంది, సాయంత్రం చీకటిపడేటప్పుడు విచ్చుకుంటుంది. తెల్ల రంగు చీకట్లో కనబడాలని. చూడాల్సింది రెక్కపురుగులు, అంటే రాత్రి తిరిగే సీతాకోకచిలుకల చుట్టాలు. అవి మగపువ్వు మీద నుంచి ఆడపువ్వు మీదికి పుప్పొడి మోస్తేనే ఆడపువ్వు కింద ఉన్న పిందె నిలుస్తుంది. సరిగ్గా ఆ వేళకే, ఆరు ఆరున్నరకి, ఫాగింగ్ బండి బర్రుమంటూ వీధిలోకి వస్తుంది. తెల్లటి పొగ డాబా ఎత్తు దాకా లేస్తుంది. పిల్లలు వెనకాల పరిగెత్తుతారు. పొగ విడిపోయాక మా డాబా గచ్చు మీద ఒకసారి టార్చి వేసి చూశాను. రెక్కపురుగులు ఆరు, అల్లికరెక్క పురుగులు రెండు, అక్షింతల పురుగొకటి, వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. దోమలు కూడా ఉన్నాయి, లేవనను. కానీ పాదు మీద విచ్చిన నాలుగు సొరపూలకీ ఆ రాత్రి చుట్టాలు రాలేదు. మర్నాడు మా ఆవిడ దూదిపుల్లతో పుప్పొడి అద్దింది.

డెంగీ దోమ పగలు కుడుతుంది, పొద్దున కాసేపు, పొద్దు గుంకే ముందు కాసేపు. ఇంట్లో మంచం కింద, బట్టల వెనక నక్కి ఉంటుంది. వీధిలో వేసే పొగ దానికి చేరేది తక్కువ. చేరినా, నీళ్లలో ఉన్న పిల్ల పురుగుల్ని పొగ ఏమీ చేయలేదు. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు. అంటే ఇవాళ పొగ వేస్తే వచ్చే వారానికి కొత్త బ్యాచ్ తయారు. పైగా దోమ పిల్లల్ని తినే తూనీగ పిల్లలు, ఎగిరే దోమల్ని పట్టి తినే తూనీగలు ఉన్నాయి కదా. తూనీగ మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది, దోమకి వారం చాలు. ప్రతి పొగతో మనం దోమ శత్రువుల్ని తగ్గిస్తున్నాం.

అందుకని ఫాగింగ్‌కి అడ్డుపడమని చెప్పట్లేదు. జ్వరాలు ప్రబలినప్పుడు ఎగిరే దోమల్ని అణచడానికి అది కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగినప్పుడు పొగ వద్దని ఎవరైనా అంటే నేనే తిట్టేవాణ్ని. రోగం లేని రోజుల్లో అలవాటుగా ప్రతి వారం వేయించుకోవడం వేరే సంగతి. దానికి బదులు శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీ వాళ్లు చెప్పి చెప్పి అలసిపోయిన పని నిజంగా చేయండి. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం, డాబా మీద పాత టైరు, కొబ్బరి చిప్ప. 130 ఇళ్లలో వారానికి ఒక్కరోజు నీళ్లు ఒంపేస్తే డెంగీ దోమకి పుట్టే చోటే ఉండదు. ఒక్క వానాకాలం ఇది చేసి, తర్వాత పొగ ఎప్పుడు కావాలో సంఘమే అడిగేలా మాట్లాడుకోండి. దోమలు పెరుగుతాయన్నవాళ్లనే డ్రై డే కమిటీలో వేయడం నా సలహా.

చెరువుల్లో, తొట్లలో గంబూసియా చేపలు వదలమని కూడా ఎవరో ఒకరు అంటారు. ఆ చేప దోమ పిల్లల్ని తింటుంది నిజమే, దాంతోపాటు తూనీగ పిల్లల్నీ, కప్ప పిల్లల్నీ తినేస్తుంది. పరాయి దేశపు చేప, మన దేశంలో చొరబాటు జాతుల జాబితాలో ఉంది. పార్కులో కొలను కడదామని మీరు అడగలేదు, మంచిదైంది. చూసుకునే మనిషి లేని కొలను ఆరు నెలల్లో మురుగ్గుంట అవుతుంది. కుళాయి కారి బురదయ్యే చోటుంటే అది అలాగే వదలండి. ఎండ పూట సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఆ తడి మట్టిలోంచి ఉప్పు పీల్చుకుంటాయి. నీళ్లు నిలవకుండా ఇంకిపోతే చాలు.

బీ హోటల్ కొనకండి. నేను కొని డబ్బులు పోగొట్టుకున్నాను. అందమైన చెక్కపెట్టె, లోపల ప్లాస్టిక్ గొట్టాలు. మొదటి వానకే గొట్టాల్లో బూజు పట్టింది, తర్వాత చీమలు కాపురం పెట్టాయి. తేనెటీగ జాతులు ప్రపంచంలో 20 వేల దాకా ఉన్నాయి. వాటిలో పట్టు పెట్టి గుంపుగా బతికేవి కొన్నే, చాలావరకు ఒంటరివి, అందులోనూ ఎక్కువ భాగం నేలలో బొరియ చేసుకునేవి. వాటికి కావలసిందల్లా గట్టిపడిన మట్టినేల, ఎండ తగిలేది. మనమేమో గేటు దగ్గర్నుంచి పెరటి గోడ దాకా సిమెంటు చప్టా వేసేశాం. వీధి పొడవునా రోడ్డుకీ కాలవకీ మధ్య మూరెడు మట్టి కూడా మిగల్చలేదు. పార్కులో గోడ పక్కన రెండు గజాల వెడల్పున గడ్డీ, చప్టా లేకుండా మట్టి వదలండి. పైన కప్పు కింద వానకి తడవని చోట ఎండు వెదురు బొంగులు నాలుగు కట్ట కట్టి వేలాడదీయండి. తుమ్మెదలు తొలుచుకుంటాయి. అదే మీ హోటల్, ఖర్చు పురికొస.

గులాబీ ఆకులు కత్తెరతో గుండ్రంగా కత్తిరించినట్టు కనబడితే గాభరా పడకండి. ఒక రకం తేనెటీగ ఆ ముక్కలు మోసుకెళ్లి గూటికి పరుచుకుంటుంది. దానివల్ల మొక్కకి ఏమీ కాదు. కిటికీ చట్రానికి మట్టి గూడు కట్టే కందిరీగనీ రాలగొట్టకండి. భ్రమరకీటక న్యాయం అని వినే ఉంటారు. భ్రమరం పురుగుని తెచ్చి గూట్లో పెట్టి రొద చేస్తే, ఆ పురుగు భ్రమరమే అయి బయటికొస్తుందని మన పాతవాళ్లు చెప్పేవారు. వాళ్లు చూసింది తప్పు కాదు, లోపల జరిగేది వేరు. కందిరీగ గొంగళిపురుగుని కుట్టి కదలకుండా చేసి లోపల పెట్టి, పక్కన గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దాన్ని తిని కందిరీగై వస్తుంది. మీ వంగమొక్కల మీద పురుగులు ఏరే ఉచిత కూలీ అన్నమాట.

తేనెపెట్టెలు కూడా ఇప్పుడే వద్దు. అవి పెంపుడు ఈగలు, మేపడానికి పూలుండాలి, చూసుకునే మనిషుండాలి. పూలు తక్కువున్న కాలనీలో వేల ఈగల పెట్టె పెడితే ఊళ్లో ఉన్న ఒంటరి తేనెటీగల నోటి దగ్గరది లాక్కున్నట్టవుతుంది. వాటర్ ట్యాంకుకి పెద్ద తేనెపట్టు వేలాడితే మాత్రం రొమాంటిక్‌గా తీసుకోవద్దు. అవి గుంపుగా కుడితే ప్రాణానికే ప్రమాదం. అలాగని పగలు మంట పెట్టడం, మందు కొట్టడం అంతకంటే ప్రమాదం. మనుషులు తిరగని ఎత్తులో ఉంటే పూల కాలం అయ్యేదాకా ఓపిక పట్టండి, అవే లేచిపోతాయి. బడి గుమ్మం మీదో మెట్ల దగ్గరో పెట్టితే ఆ చోటు మూసేసి, చీకటిపడ్డాక పని తెలిసిన తేనె తీసేవాళ్లతో తీయించాలి.

దీపాల సంగతి. పురుగులు వెలుగంటే ఇష్టం కాబట్టి దీపం చుట్టూ తిరుగుతాయని మన కవులు చెప్పారు. 2024లో వచ్చిన పరిశోధన ఒకటి ఇంకోలా చెప్పింది. ఆకాశం పైన ఉంటుంది కాబట్టి వెలుగున్న వైపుకి వీపు పెట్టి ఎగరడం పురుగుల అలవాటు. దీపం పక్కనుంచి వెళ్తుంటే దానికేసి వీపు తిప్పబోయి దారి తప్పి, దాని చుట్టూనే చిక్కుకుపోయి తిరుగుతాయట. తెల్లగా నీలంగా మెరిసే ఎల్ఈడీలు వీటికి మరీ చేటు. వీధిదీపాలు తీయక్కర్లేదు, ఆడవాళ్లు రాత్రిపూట నడవాలి. పార్కు లోపలి అలంకరణ దీపాలు పదింటికి ఆపేయండి, ఈసారి బల్బులు మార్చేటప్పుడు పసుపు వెలుగువి తెప్పించండి, కాంతి కిందికి మాత్రమే పడేలా రేకు మూత పెట్టించండి. గేట్ల మీద రాత్రంతా వెలిగే దీపాల సంగతి ఇళ్లవాళ్లని బతిమాలుకోవాల్సిందే.

ఉసిళ్లు ఎందుకు రావట్లేదో కూడా చెప్తాను. అవి చెదపురుగులకి రెక్కలొచ్చే రూపం. ఇల్లు కట్టేముందు పునాదుల్లో చెదల మందు పోయించాం, పైన చప్టా వేశాం. 130 ఇళ్లకీ అదే జరిగింది. అవి తిరిగి రావాలని నేను కూడా కోరుకోను, నా బీరువా చెక్కది.

ఎండాకుల కుప్ప మీద మీకు పెద్ద యుద్ధమే జరుగుతుంది, ముందే చెప్తున్నా. ఊడ్చి మూల తగలబెట్టే ఆ ఆకుల్లోనే సగం పురుగులు ఎండాకాలం దాటుతాయి. పార్కు వెనక మూలలో, ఇంటి గోడలకి పదడుగుల దూరంలో, మోకాలెత్తు మించకుండా ఒక కుప్ప ఉంచండి. ఎండాకులు మాత్రమే, పేడ, పశువుల ఎరువు కలపొద్దు. కొబ్బరి చెట్ల దగ్గర పేడకుప్ప ఉంటే కొమ్ముపురుగు పెరిగి మొవ్వు తొలిచేస్తుంది. ఆకుల కుప్ప చుట్టూ ఇటుకలు ఏటవాలుగా పాతి సున్నం కొట్టించండి. ఇది చిన్న మాటలా ఉంటుంది గానీ నా అనుభవంలో ఇదే మంత్రం. సున్నం కొట్టిన ఇటుకలు లేకపోతే అది చెత్త, ఉంటే అది తోట. ఊడ్చేవాళ్లకి కూడా అలాగే అర్థమవుతుంది.

మందారానికి తెల్లగా పిండినల్లి పడితే మందు అడుగుతారు. నీళ్ల పైపుతో గట్టిగా కొట్టండి, ఎక్కువున్న కొమ్మ కత్తిరించండి. వేపనూనె సహజమైనదని రోజూ చల్లొద్దు, సీతాకోకచిలుక పిల్లకి అదీ విషమే. బొప్పాయి పిండినల్లి కథ చెబితే నమ్మకం కలుగుతుందేమో. 2008లో దక్షిణాదిలో అడుగుపెట్టి బొప్పాయి, మల్బరీ తోటల్ని ముంచేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో ఆవాల గింజ కంటే చిన్న బదనికల్ని, అంటే పిండినల్లి ఒంట్లో గుడ్లు పెట్టే చిట్టి కందిరీగల్ని, బయటి నుంచి తెప్పించి వదిలారు. ఏడాది రెండేళ్లలో అణిగిపోయింది. అలాంటివి మన దగ్గర సొంతంగా బోలెడున్నాయి, కంటికి ఆననివి. డబ్బా తీసుకుని బుస్సుమనిపించగానే ముందు చచ్చేది అవే.

వెనక మిర్చి చేల గురించి మీరు కాస్త కోపంగా రాశారు. ఆ కోపం తగ్గించుకోండి. నేను ఉద్యోగంలో చేరిన ఏళ్లలో పత్తికి సింథటిక్ పైరెత్రాయిడ్ అనే రకం పురుగుమందులు కొత్త. కొట్టిన సాయంత్రమే పురుగు రాలేది, రైతులు దండం పెట్టేవాళ్లు. వాటితో చెడ్డ పురుగుల్ని తినే మిత్రపురుగులు కూడా పోయాయి, ఆకు రసం పీల్చే తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. లీటరుకి ఎన్ని మిల్లీలీటర్లో చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. 2021లో మిర్చికి నల్ల తామరపురుగు వచ్చి పూతంతా రాలిపోయినప్పుడు మందు మీద మందు కొట్టిన రైతుని ఏమనగలం? అప్పు కళ్ల ముందు కనబడుతుంటుంది. వెళ్లి పరిచయం చేసుకోండి. పూత మీద ఉన్నప్పుడు మందు పొద్దున కాకుండా సాయంత్రం ఐదు దాటాక కొడితే తేనెటీగలు అప్పటికి గూటికి చేరి ఉంటాయని చెప్పండి, కొట్టే ముందు ఒక ఫోన్ చేయమని అడగండి. గాలి మీవైపుంటే కిటికీలు మూసుకోవచ్చు. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు గుంటూరు చుట్టుపక్కల కూడా ఉన్నారు. 130 ఇళ్లు వారానికోసారి వాళ్ల దగ్గర కూరగాయలు కొంటే అది ఏ ఉపన్యాసం కంటే మేలు.

వరికుచ్చులు కట్టాం, పిచ్చుకలు రావట్లేదని ఒక మాట రాశారు. పెద్ద పిచ్చుక గింజ తింటుంది, పిల్లకి మాత్రం పురుగులే పెడుతుంది. అదీ ఇందులో భాగమే.

మిణుగురుల గురించి మీ పాపకి మాటివ్వకండి. వాటి పిల్లలు తడి నేలలో నత్తల్ని తింటూ నెలల తరబడి పెరుగుతాయి, పెద్దయ్యాక చీకటి ఉంటేనే ఒకదాన్నొకటి వెలుగుతో పిలుచుకుంటాయి. తడి, నత్త, చీకటి, మూడూ కాలనీలో మళ్లీ తేవడం కష్టం. ఆరుద్ర కార్తె వానలకి మట్టి వదిలిన చోట ఎర్ర మఖమల్ ఆరుద్ర పురుగు రావచ్చు, అది చూపించండి. కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది వస్తాయి. పేరుకే పురుగు, సాలీడుకి చుట్టం.

చివరిగా లెక్క. ‘పురుగులు తగ్గాయంటున్నారు, మీ భ్రమేమో’ అని మీటింగులో ఎవరైనా అంటే సమాధానం కావాలి. జర్మనీలో క్రేఫెల్డ్ అనే ఊరి కీటక సంఘం వాళ్లు ఒకే రకం వలలు పెట్టి 1989 నుంచి 2016 దాకా ఎగిరే పురుగుల్ని తూకం వేశారు. రక్షిత ప్రాంతాల్లోనే 27 ఏళ్లలో బరువు 75 శాతానికి పైగా తగ్గింది. ఆ సంఘంలో ఎక్కువమంది ఆసక్తి కొద్దీ చేసినవాళ్లు. మీకు వలలు అక్కర్లేదు. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఒకే చోట, ఆ గడ్డిచామంతి దగ్గర, పావుగంట నిలబడి వాలినవన్నీ నోటు పుస్తకంలో గీతలు గీయండి. పేర్లు తెలియకపోతే ‘నల్లది పెద్దది’, ‘పసుపుది చిన్నది’ అని రాయండి చాలు. నెలకోసారి అమావాస్య రాత్రి డాబా మీద పాత తెల్ల పంచె ఆరేసి వెనక ఒక బల్బు పెట్టి గంటసేపు ఉంచండి, ఎన్ని రకాలు వాలాయో ఫోటోలు తీసి బల్బు ఆపేయండి. పిల్లలకి ఇదే నచ్చుతుంది. సెప్టెంబరులో దేశమంతా సీతాకోకచిలుకల లెక్క జరుగుతుంది, అందులో మీవీ కలపొచ్చు.

మొదటి వానాకాలం పెద్ద తేడా ఉండదు, సంఘంలో అది ముందే చెప్పి ఉంచండి. కరివేపాకు, జిల్లేడు మీద రెండు మూడు నెలల్లో కనబడతాయి, మిగతావాటికి ఏడాది రెండేళ్లు ఆగాలి.

నా దగ్గర మారేడు మొక్కలు మూడు కవర్లలో ఉన్నాయి, గింజ నుంచి పెంచినవి. గోరంట్ల వైపు వచ్చినప్పుడు పట్టుకెళ్లండి. ఆకులకి చిల్లులున్నాయి, ఒకదాని మీద రెట్టలాంటిది ఒకటి ఉంది కూడా, ఆటోలో తీసుకెళ్లేటప్పుడు జాగ్రత్త.